ఒడ్డు లేని వాళ్లకు ఓ మెరైన్ దళం

బొలీవియాకు సముద్రం లేదు. నౌకాదళం ఉంది. అందులో సుమారు 5,000 మంది ఉన్నారు, వాళ్ల మీద అడ్మిరళ్లు ఉన్నారు, చాలదన్నట్టు మెరైన్లు కూడా ఉన్నారు. మెరైన్ అంటే ఎవరో తెలియని వారి కోసం చెబుతున్నాను. ఓడలో వెళ్లి, శత్రువు తీరానికి కాస్త ఇవతల మోకాలి లోతు నీళ్లలో దూకి, తుపాకీ తడవకుండా పైకెత్తి పట్టుకుని ఇసుకలోకి పరిగెత్తే సైనికుడు. బొలీవియా మెరైన్‌కు తుపాకీ ఉంది, మోకాళ్లున్నాయి, పరుగూ వచ్చు. ఒడ్డు ఒక్కటే తక్కువ.

చిన్న దేశానికి సొంత మెరైన్ దళం అవసరమా అనే గంభీరమైన ప్రశ్న మీద కొంతకాలంగా నేను తలబద్దలు కొట్టుకుంటున్నాను. నన్నెవరూ అడగలేదు. దేశ రక్షణ మీద మాట్లాడాలంటే ఎవరో అడగాలన్న నియమం మన దగ్గర ఎప్పుడూ లేదు కాబట్టి, నా తీర్పు చెప్పేస్తున్నాను: అవసరమే. సముద్రం ఎంత తక్కువైతే అంత ఎక్కువ అవసరం.

బొలీవియా సంగతే చూడండి. ఒకప్పుడు వాళ్లకూ సముద్రం ఉండేది. 1879లో చిలీతో యుద్ధం వచ్చింది, 400 కిలోమీటర్ల పైచిలుకు తీరం చేజారింది. 1904లో ఒప్పందం మీద సంతకం కూడా అయిపోయింది. ఆ యుద్ధంలో కలామా దగ్గర వంతెన కాపలా కాస్తున్న ఎదువార్దో అబరోవా అనే ఆయన్ని చిలీ సైనికులు లొంగిపొమ్మన్నారట. "నేనా? మీ ముసలమ్మను లొంగిపొమ్మను!" అన్నాడట ఆయన. చివర్లో ఒక బూతు కూడా ఉంది, అది ఇక్కడ రాయను. స్పానిష్‌లో అమ్మమ్మకూ నానమ్మకూ మాట ఒక్కటే, అందుకని ఆయన ఏ వైపు ముసలావిడను అన్నాడో చరిత్ర తేల్చలేకపోయింది. మన భాషలో అయితే ఆ మాట మీద ఇంకో యుద్ధం జరిగేది.

అబరోవా చనిపోయిన మార్చి 23ను బొలీవియాలో సముద్ర దినంగా జరుపుకుంటారు. బళ్లో పిల్లల దగ్గర్నుంచి అధ్యక్షుడి దాకా అందరూ కదులుతారు, నౌకాదళం కవాతు చేస్తుంది. "సముద్రం హక్కుగా మాది, తిరిగి తెచ్చుకోవడం మా విధి" అన్నది వాళ్ల నినాదం. 1963లో నదులూ చెరువుల కోసమని ఒక దళం పెట్టారు, అదే పెరిగి నౌకాదళమైంది. దానికి పెద్ద దిక్కు టిటికాకా సరస్సు. సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే మన తిరుమల కొండకు సుమారు నాలుగు రెట్లు. ప్రపంచంలో మిగతా నౌకాదళాలు చాలావరకు సముద్రమట్టం దగ్గర ఉండగా, ఇది మాత్రం దానికి ఎంతో పైన నిలబడి కిందికి చూస్తోంది. ఎవరిది పైచేయో మీరే చెప్పండి.

2018లో బొలీవియన్లు నీలం జెండా ఒకటి కుట్టి రోడ్డు పొడవునా పరిచారు. పొడవు సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాదులో ఒక కొస పట్టుకుంటే రెండో కొస విజయవాడ రోడ్డు మీద కోదాడ దాటుతుంది. అదే ఏడాది అక్టోబరు 1న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. సముద్రం దారి గురించి బొలీవియాతో చర్చలు జరపాల్సిన బాధ్యత చిలీకి లేదని 12 మంది న్యాయమూర్తులన్నారు, ముగ్గురు కాదన్నారు. మరి కేసు ఓడాక నౌకాదళాన్ని ఇంటికి పంపేశారా? ఎందుకు పంపుతారు! మన ఊళ్లో పొలం కేసు ఓడిపోయినవాడు పాసుపుస్తకం చించి పారేస్తాడా? ఇంకా భద్రంగా బీరువాలో దాస్తాడు.

ఇది విని నవ్వే హైదరాబాదీలకు ఒక మాట. సముద్రం లేని మీ ఊళ్లోనే జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉంది. దాని భవనం చేప ఆకారంలో ఉంటుంది, తోకతో సహా. మన సముద్రాల సమాచారమంతా చూసే జాతీయ కేంద్రం, ఇన్‌కాయిస్, కూడా మీ ప్రగతి నగర్ వైపే ఉంది. సునామీ వస్తే హెచ్చరిక అక్కడి నుంచే వస్తుంది. చేపలు ఏ వైపు దొరకొచ్చన్న కబురు కాకినాడ జాలరికి కూడా అక్కడి నుంచే వెళ్తుంది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు నడిపేవాళ్లలో ఎవరున్నారనుకున్నారు, సైన్యం వాళ్లు కూడా. ఇన్ని ఉన్న ఊరికి మెరైన్ దళం ఒక్కటి లేకపోవడమే వెలితి. బుద్ధుడి విగ్రహం దగ్గర దిగడం ప్రాక్టీసు చేయొచ్చు. శత్రువు ఎవరంటారా? గుర్రపు డెక్క ఉండనే ఉంది, ఎంత పీకినా మళ్లీ వస్తుంది.

ఇక తీరం ఉన్నవాళ్ల సంగతి. భారతదేశానికి ప్రత్యేకంగా మెరైన్ దళం లేదు. నౌకాదళంలో మార్కోస్ అనే కమాండోలున్నారు, సైన్యంలో తీరాల మీద దిగడం నేర్చుకున్న బ్రిగేడ్లున్నాయి, అంతే. అమెరికా వాడి పాత ఓడ ఒకటి కొని ఐఎన్‌ఎస్ జలాశ్వ అని పేరు పెట్టి విశాఖలో ఉంచాం. శత్రుతీరం మీద సైన్యాన్ని దింపడానికి పుట్టిన ఓడ అది. 2020 మేలో కోవిడ్ రోజుల్లో మాలే వెళ్లి 698 మంది మనవాళ్లను ఎక్కించుకుని కొచ్చిలో దింపింది. దింపడమే కదా దాని పని, దింపింది.

పైగా తీరం పెంచుకోవడానికి కూడా మనకు మెరైన్లు అక్కర్లేదని ఈ మధ్యే రుజువైంది. కొత్త లెక్కల్లో తీరాన్ని మరింత దగ్గరగా, వంపు వంపునా కొలిచారు. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్ల నుంచి 1,053కు పెరిగింది. తూటా పేలకుండా, ఒక్కరి మోకాలూ తడవకుండా, 79 కిలోమీటర్లు కలిసొచ్చింది! ఇంత శాంతియుతమైన దండయాత్ర చరిత్రలో ఇంకోటి ఉండదు. బొలీవియా వాళ్లు మెరైన్ల బదులు మన సర్వేయర్లను పిలిపించుకుని ఉంటే ఎలా ఉండేదో.

మెరైన్లు వద్దనే నిపుణులూ ఉన్నారు. వాళ్లకు అమెరికా కథ చెప్పాలి. 1949 అక్టోబరులో అక్కడి సైన్యాధికారుల్లో అందరికన్నా పెద్దాయన, జనరల్ ఒమర్ బ్రాడ్లీ, పెద్ద ఎత్తున సముద్రం మీంచి తీరంలో దిగే యుద్ధాలు ఇక ఎప్పటికీ జరగవని చట్టసభ సభ్యులకు చెప్పాడు. మరుసటి ఏడాది ఆగస్టులో అధ్యక్షుడు ట్రూమన్ ఒక ఉత్తరం రాస్తూ మెరైన్లంటే నౌకాదళానికి పోలీసులే, వాళ్ల ప్రచారం మాత్రం స్టాలిన్‌కు దీటుగా ఉంటుందని దెప్పాడు. ఉత్తరం బయటపడింది, ట్రూమన్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ ఉత్తరం రాసి మూడు వారాలు తిరక్కముందే, సెప్టెంబరు 15న, కొరియాలోని ఇంచాన్ దగ్గర మెరైన్లు సముద్రం మీంచి దిగి యుద్ధం గతినే మార్చేశారు. నిపుణుడు "ఇక ఎప్పటికీ" అన్నాక ఏడాదిలోపు అది జరుగుతుందన్నది నా అనుభవం కూడా. వంతెనల విషయంలో, అల్లుళ్ల విషయంలో కూడా.

మాల్దీవులకు వద్దాం. సుమారు 1,200 దీవులు, మొత్తం నేల కలిపితే 300 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 1988 నవంబరు 3న శ్రీలంక నుంచి సుమారు 80 మంది కిరాయి సైనికులు పడవల్లో వచ్చి రాజధాని మాలేను పట్టుకున్నారు. అధ్యక్షుడు గయూమ్ దాక్కుని ఢిల్లీని సాయం అడిగాడు. అదే రాత్రి మన పారాట్రూపర్లు ఆగ్రాలో విమానం ఎక్కి హుల్హులే విమానాశ్రయంలో దిగారు. మాలే పక్క దీవిలో ఉంది, మధ్యలో నీళ్లు. గాలిలోంచి వచ్చిన సైనికులు అక్కడున్న పడవలు పట్టుకుని అవతలికి వెళ్లి అధ్యక్షుడిని కాపాడారు. మెరైన్లు చేయాల్సిన పని పారాట్రూపర్లు చేశారు, పైగా అరువు పడవల్లో. పారిపోతున్న కిరాయి మూక ఒక సరుకుల ఓడను బందీలతో సహా ఎత్తుకెళ్తుంటే నడిసంద్రంలో అడ్డం పడింది ఐఎన్‌ఎస్ గోదావరి. పేరు మనది కాబట్టి ఇక్కడ కాస్త ఛాతీ విరుచుకునే హక్కు నాకుంది.

ఇప్పుడు మాల్దీవులకు సొంత మెరైన్ దళం ఉంది. దీవులు తప్ప మరేమీ లేని దేశానికి అది ఉండటం న్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే వాళ్ల మీదికి వస్తున్న అసలు శత్రువు సముద్రమే. ఏటా కాస్త కాస్త పైకి వస్తోంది. 2009 అక్టోబరు 17న అధ్యక్షుడు నషీద్ తన మంత్రివర్గ సమావేశాన్ని సముద్రం అడుగున పెట్టాడు. మంత్రులు స్కూబా దుస్తులేసుకుని, నీళ్ల కింద బల్లల ముందు కూర్చుని సంతకాలు పెట్టారు. మంత్రివర్గమే మెరైన్ దళమైన దేశం అదొక్కటే. మన మంత్రివర్గాలు మునిగిన సందర్భాలున్నా అవి ఎజెండాలో రాసుకుని మునిగినవి కావు.

శ్రీలంక 2016లో మెరైన్ దళం పెట్టింది. అమెరికా మెరైన్లు వచ్చి శిక్షణ కూడా ఇచ్చారు. 2022లో దేశం దివాలా తీసింది, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కిలోమీటర్లు సాగాయి. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి దూసుకొచ్చి ఈతకొలనులో దూకారు. అధ్యక్షుడేమో అప్పటికే నౌకాదళ ఓడెక్కి సముద్రంలోకి వెళ్లిపోయాడు. సముద్రం మీంచి ఒడ్డున దిగడం మెరైన్లకు నేర్పారు గానీ, ఒడ్డు మీంచి సముద్రంలోకి దిగడం ఎంత అవసరమో ఆయనే చూపించాడు. మరుసటి ఏడాది, రెండు లక్షల సైన్యాన్ని 2030 నాటికి లక్షకు తగ్గిస్తామని ప్రభుత్వం చెప్పింది.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఫిలిప్పీన్స్ దగ్గరకొచ్చేసరికి నాకు మా ప్లాటు గుర్తొచ్చింది.

ఊరి చివర మాకో 200 గజాల ప్లాటుంది. హద్దు రాయి ఏడాదికో అడుగు మా వైపు నడుస్తోందని గమనించాం. రాయి దానంతటదే నడవదు కదా. కోర్టుకెళ్తే నా మనవడికి తీర్పొస్తుందని లాయరు చెప్పాడు. అప్పుడు మా మామయ్య, ఈ విషయాల్లో ఏ జనరల్‌కూ తీసిపోడు, ఒక్కటే అన్నాడు: "ఒరే, పెద్దగా ఏం చెయ్యక్కర్లా. ఓ రేకుల షెడ్డు వేసి ఓ ముసలాణ్ణి కూర్చోబెట్టు." కూర్చోబెట్టాం. తాతకు కర్ర ఉంది గానీ ఎవర్నీ కొట్టడానికి కాదు, నడవడానికి. నులక మంచం, ఒక కుక్క, ఒక పొయ్యి. రాయి ఆగిపోయింది.

ఫిలిప్పీన్స్ చేసింది సరిగ్గా ఇదే. దక్షిణ చైనా సముద్రంలో మిస్చీఫ్ రీఫ్ అని ఓ పగడపు దిబ్బ ఉంది, అది తనదని ఫిలిప్పీన్స్ అంటుంది. 1995లో చైనా అక్కడ కర్రలు పాతి కొన్ని పాకలు వేసింది. ఏమిటయ్యా అంటే, పాపం జాలర్లు తలదాచుకోవడానికి అంది. ఆ పాకలు ఇప్పుడు రన్‌వేతో సహా సైనిక స్థావరమయ్యాయి. పాక వేయడం ఎంత దూరం వెళ్తుందో అర్థమైన ఫిలిప్పీన్స్, 1999లో ఓ పాత ఓడను తీసుకెళ్లి దగ్గర్లోని సెకండ్ థామస్ దిబ్బ మీద కావాలనే ఎక్కించి వదిలేసింది. బీఆర్‌పీ సియెర్రా మాద్రే దాని పేరు. 1944లో అమెరికాలో కట్టిన ఓడ, ట్యాంకులను ఒడ్డున దింపడానికి. ఇప్పుడది ఎక్కడికీ కదలదు. అందులో కొద్దిమంది మెరైన్లుంటారు. ఎవరి మీదికీ దూకరు, ఏ తీరం మీదా పరిగెత్తరు. తుప్పు పట్టిన ఇనుములో, కన్నాలు పడ్డ నేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ, గాలం వేసి చేపలు పట్టుకుంటూ ఉంటారు. ఉండటమే వాళ్ల ఉద్యోగం.

మెరైన్ అంటే దూకేవాడు అని పైన నేనే రాశాను. ఆ వాక్యం కొట్టేయమని సంపాదకుడిని అడగాలి. పెద్ద దేశపు మెరైన్ దూకుతాడు. చిన్న దేశపు మెరైన్ కూర్చుంటాడు.

కూర్చున్నవాడికి అన్నం పంపాలి కదా, గొడవంతా అక్కడే. సరుకుల పడవ వెళ్తే చాలాసార్లు చైనా కోస్ట్‌గార్డు అడ్డం వచ్చి నీటి ఫిరంగులతో కొట్టేది. 2024 జూన్ 17న అయితే కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని మీదికొచ్చారు, ఆ గొడవలో ఫిలిప్పీన్స్ నావికుడొకడి చేతి బొటనవేలు తెగిపోయింది. ఇరవై ఒకటో శతాబ్దంలో, అణ్వాయుధాలున్న దేశం, గొడ్డలితో. మా ప్లాటు గొడవలో కూడా గొడ్డలి దాకా రాలేదు, పలుగు దగ్గరే ఆగింది.

ఆ జులైలో రెండు దేశాలూ తాత్కాలికంగా ఒక అవగాహనకు వచ్చాయి. చైనా చెప్పే ప్రకారం షరతు ఇదీ: లోపలున్నవాళ్లకు తిండీ నీళ్లూ పంపుకోవచ్చు, మరమ్మతు సామాను మాత్రం వెళ్లకూడదు. అలాంటి షరతేమీ లేదని ఫిలిప్పీన్స్ అంటుంది. ఓడ మాత్రం ఇప్పట్లో కూలిపోయేలా లేదు, లోపల్లోపల మరమ్మతులు సాగాయని వార్తలూ వచ్చాయి.

మా పక్క ప్లాటాయన కూడా మొన్న గోడ దగ్గర నిలబడి అదే అన్నాడు. "ముసలాయనకు బియ్యం తెచ్చుకోండి, నేనేమన్నా కాదన్నానా? సిమెంటు బస్తా కనబడితే మాత్రం ఊరుకోను." సరేనండీ అన్నాను. ఆదివారం పొద్దున్నే ఆటోలో మూడు బస్తాలు పంపాను. తాత దింపుకుంటూ మధ్య బస్తా బరువు చూసి ఒక్క క్షణం ఆగి, "ఈసారి బియ్యం కొత్తవనుకుంటా, బరువుగా ఉన్నాయి బాబూ" అని షెడ్డులోకి తీసుకెళ్లి తలుపేసుకున్నాడు.