బోర్డు వారి ‘పూర్తి నమ్మకం’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పూర్తి నమ్మకం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అంతా క్షేమమే, మేనేజర్ గారు (హెడ్ కోచ్ అన్నా ఆయనే) తప్ప.

గురువారం సాయంత్రం తమరు క్లబ్బు వెబ్‌సైటులో దర్శనమిచ్చారు. నాలుగే వాక్యాలు. ‘హెడ్ కోచ్ మీద బోర్డుకు పూర్తి నమ్మకం ఉంది’ అని మొదలుపెట్టి, అందరం కలిసికట్టుగా ఉందామని ముగించారు. శనివారం సొంత మైదానంలో 0-1. ఆదివారం పొద్దున్నే ఇంకో నాలుగు వాక్యాలు: ఆయన కష్టానికి కృతజ్ఞతలు, భవిష్యత్తు బాగుండాలి, అండర్-21 కోచ్ తాత్కాలికంగా చూసుకుంటారు, క్లబ్బు ఇంతకుమించి ఏమీ మాట్లాడదు. ఏ క్లబ్బో చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రెండో అంచె లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో 24 ఉన్నాయి, ఏ పేరు పెట్టి చదువుకున్నా అర్థం మారదు.

జాతరలో యాటకు పసుపు రాసి, వేపమండలు కట్టి, మీద నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా ఓపిగ్గా నిలబడతారు. ఆ నీళ్లు తమరే. ఒళ్లు విదిలించే కార్యక్రమం శుక్రవారం ప్రెస్‌మీట్‌లో జరుగుతుంది. ‘ఛైర్మన్‌తో రోజూ మాట్లాడుతూనే ఉన్నాను, ఏ ఇబ్బందీ లేదు’ అంటాడు పాపం. ఆ కుర్చీలోకి వచ్చేదెవరని బెట్టింగ్ కంపెనీలు అప్పటికే రేట్లు కట్టేసి ఉంటాయి.

తమతో మొదటి పేచీ ఏమిటంటే, అడగనప్పుడు వస్తారు, అవసరమైనప్పుడు పత్తా ఉండరు. 2016 డిసెంబరులో బర్మింగ్‌హామ్ సిటీ ఏడో స్థానంలో ఉంది. గారీ రోవెట్‌ను పంపేశారు. జియాన్‌ఫ్రాంకో జోలా వచ్చి 24 మ్యాచ్‌లలో 2 గెలిచి, ఏప్రిల్‌లో తనే దండం పెట్టి వెళ్లిపోయారు. చివరి మూడు మ్యాచ్‌లకు హ్యారీ రెడ్‌నాప్‌ను పిలిస్తే కింది అంచెకు జారకుండా గట్టెక్కింది. ఒకసారి చెయ్యి కాలాక బుద్ధి వస్తుంది కదా అనుకుంటాం. ఈలోగా యజమానులు మారారు. 2023 అక్టోబరులో జట్టు ఆరో స్థానంలో ఉండగా జాన్ యూస్టస్‌ను పంపి వేన్ రూనీని తెచ్చారు. 15 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 9 ఓటములు, జనవరి 2న టాటా. ఆ మే నెలలో 50 పాయింట్లతో మూడో అంచెకు జారారు. 50 అంటే చాలా సీజన్లలో బతికి బట్టకట్టే అంకె. మునిగిపోకుండా చివరి 8 మ్యాచ్‌లకు ఎవరిని పిలిచారనుకున్నారు? అదే గారీ రోవెట్‌ను. ఆరులో ఉన్నవాడికీ ఏడులో ఉన్నవాడికీ అండగా నిలబడటం తమ హోదాకు తక్కువేమో తెలీదు.

సరే, అది పక్కన పెడదాం. అసలు బాధ వాట్‌ఫర్డ్.

2022 మే. రాబ్ ఎడ్వర్డ్స్‌ను తెచ్చారు. ఆ ఊళ్లో కోచ్‌లు నిలవరన్న పేరు లోకానికంతా తెలుసు కాబట్టి, ఈసారి తమరిని అలంకారాలన్నీ పెట్టి ఊరేగించారు. నరకం ఎదురైనా, వరద ముంచుకొచ్చినా ఆయన వెంటే ఉంటామని ఛైర్మన్ స్కాట్ డక్స్‌బరీ స్వయంగా చెప్పారు. ఎవరూ ఒట్టు పెట్టమనలేదు, వాళ్లంతట వాళ్లే పెట్టారు. సెప్టెంబరు 26న ఎడ్వర్డ్స్‌ను తీసేశారు. లీగ్‌లో పది మ్యాచ్‌లు, కప్‌లో ఒకటి. ఆ పదింటిలో 3 గెలుపులు, 5 డ్రాలు, ఓడినవి రెండంటే రెండే. స్థానం 10. నరకం ఎదురు కాలేదు. వరద రాలేదు. దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగే ఇంటర్నేషనల్ బ్రేక్ వచ్చింది.

అదే రోజు స్లావెన్ బిలిచ్‌ను ప్రకటించారు. అదే రోజంటే ఏమిటి? ఫోన్లు అంతకుముందే తిరిగాయి, జీతం మాట్లాడుకున్నారు, కాగితాలు రాసుకున్నారు, తమరేమో ఇంకా ఎడ్వర్డ్స్ భుజం మీద చెయ్యేసుకునే ఉన్నారు. బిలిచ్ తొలి మ్యాచ్‌లోనే స్టోక్ మీద వాళ్ల ఊళ్లోనే 4-0. చూశారా అన్నారు. మార్చిలో బిలిచ్‌నూ పంపేసి క్రిస్ వైల్డర్‌ను తెచ్చారు. పదో స్థానంలో ఉన్న మనిషిని తీసి, ఆ తర్వాత ఇద్దరిని మార్చి, సీజన్ ముగిసేసరికి చేరింది పదకొండో స్థానానికి.

ఎడ్వర్డ్స్ ఏమయ్యారు? నవంబరులో లూటన్‌కు వెళ్లారు. వాట్‌ఫర్డ్‌కు పొరుగూరు, బద్ధ వైరి. 2023 మే 27న వెంబ్లీలో పెనాల్టీల్లో కొవెంట్రీని ఓడించి లూటన్‌ను పై అంచె ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లారు. ఇంత జరిగాక కూడా తమరు మొహం చాటేయలేదు.

తంతు ఎలా నడుస్తుందో తమకంటే ఎవరికి తెలుసు గానీ, కాగితం మీద పెడదాం. వేసవిలో కొత్త మేనేజర్ తనకు 3-4-3 ఆట (వెనక ముగ్గురు, నడుమ నలుగురు, ముందు ముగ్గురు) కావాలంటాడు. అంచుల్లో ముందుకీ వెనక్కీ పరుగెత్తే ఇద్దరు వింగ్‌బ్యాక్‌లకు మూడేళ్ల కాంట్రాక్టులు, ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు, మిగతా ఖాళీలకు లోన్ మీద, అంటే వేరే క్లబ్బుల నుంచి అరువు తెచ్చిన కుర్రాళ్లు. సెప్టెంబరు మొదట్లో ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లను కొనే గడువు, మూస్తారు. అక్టోబరులో, సరిగ్గా దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగినప్పుడు, మేనేజర్‌ను పంపుతారు. వచ్చేవాడికి రెండు వారాలు ప్రాక్టీసుకు దొరుకుతాయని లెక్క. కానీ ఆ రెండు వారాలూ జట్టులో మంచి ఆటగాళ్లు వాళ్ల వాళ్ల దేశాల తరఫున ఆడుతుంటారు. మిగిలినవాళ్లతో, కోన్‌లు పేర్చుకుని, కొత్తాయన అంచుల్లో వింగర్లు కావలసిన 4-2-3-1 నేర్పుతాడు. వింగర్లేరీ? కొనలేదు. జనవరి దాకా కొనలేడు. వింగ్‌బ్యాక్‌ను ముందుకు నెడితే గోల్ కొట్టలేడు, ఫుల్‌బ్యాక్‌గా వెనక్కి లాగితే ఆపలేడు. లోన్ మీద తెద్దామన్నా జనవరి దాకా ఆగాల్సిందే, తెచ్చినా మ్యాచ్ రోజు జట్టులో అలాంటివాళ్లను ఐదుగురికి మించి పెట్టకూడదు. ఇలా ముగ్గురు మేనేజర్లు కొన్న సరుకంతా కలిపితే అది జట్టు కాదు, మూడు పెళ్లిళ్లలో మిగిలిన కూరలు.

సీజన్‌కు 46 మ్యాచ్‌లు. శనివారం, మంగళవారం, మళ్లీ శనివారం. ఇక్కడ మనకు చలికాలంలో మంగళవారం మ్యాచ్ అంటే అర్ధరాత్రి దాటి ఒంటిగంటా పావు. వారంలో సరిగ్గా నేర్పడానికి దొరికేది ఒక్కోసారి ఒకే ఒక్క రోజు. పైగా, ప్రీమియర్ లీగ్ నుంచి దిగివచ్చిన క్లబ్బులకు పడిన దెబ్బ తట్టుకోవడానికి మూడేళ్ల దాకా పారాచూట్ డబ్బు వస్తుంది. ఆ డబ్బు లేని క్లబ్బు ఛైర్మన్ గారికి కూడా పైకి వెళ్లే అవకాశమిచ్చే అదే ప్లేఆఫ్ స్థానం కావాలి, క్రిస్మస్ లోపే కావాలి.

కొత్తాయన రాగానే గెలుస్తారు కదా అంటారు. వరుసగా ఐదు ఓడిన జట్టు ఎవరున్నా ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తుంది. నెదర్లాండ్స్ లీగ్ లెక్కలు తీసిన ఆర్థికవేత్తలకు తేలింది అదే: కోచ్‌ను మార్చిన జట్లూ, అంతే ఘోరంగా ఆడి మార్చకుండా ఉన్న జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. జ్వరం వారంలో తగ్గితే తాయెత్తు మహిమ.

తమరి ప్రకటనలో వాడే మాటలు చదవడం కూడా ఒక విద్య. ‘ఉభయుల అంగీకారంతో’ అంటే పరిహారం తేలింది, సంతకాలయ్యాయి. ‘గార్డెనింగ్ లీవ్’ అంటే జీతం పడుతుంది, మైదానంలోకి మాత్రం రావద్దు. ఉత్త ‘బాధ్యతల నుంచి తప్పించాం’ అంటే లాయర్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు. మూడేళ్లూ ఛాంపియన్‌షిప్‌లోనే ఉన్న క్లబ్బు 3.9 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. అందులో అకాడమీ ఖర్చుకు, మహిళల జట్టుకు, స్టేడియం పనులకు మినహాయింపు ఉంది. పంపేసిన మేనేజర్‌కు ఇచ్చే డబ్బుకు లేదు. అంటే మీ మాట తప్పినందుకు కట్టే జరిమానా, జనవరిలో రావలసిన స్ట్రైకర్‌లోంచి పోతుంది.

ఇక్కడ మనవాళ్ల ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. బ్లాక్‌బర్న్ రోవర్స్ యజమానులు వెంకీస్. డాక్టర్ బి.వి.రావు హైదరాబాదులో మొదలుపెట్టిన కోళ్ల వ్యాపారం వాళ్లది. రోజూ పేపర్లో నెక్ గుడ్డు ధర చూస్తాం కదా, ఆ నెక్‌ను నిలబెట్టిందీ ఆయనే. 2012లో వాళ్లు హెన్నింగ్ బెర్గ్‌ను మేనేజర్‌గా పెట్టి 57 రోజులకు పంపేశారు. పది మ్యాచ్‌లు, ఒక గెలుపు. కాంట్రాక్టులో మిగిలిన జీతమంతా ఇవ్వాలన్న మాట ఉంది. ఆ మాట ఇవ్వడానికి మా మేనేజింగ్ డైరెక్టర్‌కు అధికారమే లేదని క్లబ్బు వాదించింది. కోర్టు 22.5 లక్షల పౌండ్లు కట్టమంది. పనిచేసిన రోజులతో భాగిస్తే రోజుకు 39 వేల పైచిలుకు. ఏ కోడీ అంత గుడ్డు పెట్టలేదు. బెర్గ్ తర్వాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్‌కు 67 రోజులు. అదే ఇంట్లో తర్వాత టోనీ మోబ్రే ఐదేళ్లు ఉన్నాడు. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, వచ్చినందుకు మెచ్చుకోవాలి.

లీడ్స్ సంగతి క్లుప్తంగా. 2014 ఆగస్టులో యజమాని మాసిమో సెల్లినో డేవ్ హాకడేను తీసేద్దామనుకుని, మనసు మార్చుకుని, కొద్దిరోజులకే బ్రాడ్‌ఫర్డ్ చేతిలో కప్ మ్యాచ్ పోగానే తీసేశారు. 70 రోజులు. తర్వాత వచ్చిన డార్కో మిలానిచ్ ఆరు మ్యాచ్‌లు, గెలుపు లేదు, 32 రోజులు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు ఇంకా ఇరుముడి కట్టకముందే పని అయిపోయింది. షెఫీల్డ్ వెన్స్‌డేలో 2020లో టోనీ పులిస్ మాత్రం 45 రోజులు ఉండి మండల దీక్ష పూర్తిచేశారు.

మళ్లీ వాట్‌ఫర్డ్ దగ్గరికే వస్తున్నాను, క్షమించాలి. మాట ఇస్తే నమ్మరని ఈసారి కాగితం మీద పెట్టారు. 2023 అక్టోబరులో వాలేరియన్ ఇస్మాయెల్‌కు కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. ఫొటోలు, నవ్వులు. 2024 మార్చిలో తీసేశారు. ఏమయ్యా నమ్మకం, నీకు సిగ్గుందా? నోటితో చెప్తే నాలుగు నెలలు, సంతకం పెడితే ఐదు నెలలు. ‘ఇంకో రెండు ఓడితే పంపేస్తాం’ అని ఉన్నదున్నట్టు చెప్పి చావొచ్చు కదా. కనీసం ఆ మనిషి ఇల్లు అద్దెకు తీసుకోకుండా హోటల్లో ఉండేవాడు, పిల్లల్ని బడి మార్చేవాడు కాదు. వెంట వచ్చిన ఇద్దరు అసిస్టెంట్లు, గోల్‌కీపింగ్ కోచ్, వాళ్లంతా ఏం పాపం చేశారు? వాళ్ల కోసం ఎవడూ ప్రకటన కూడా ఇవ్వడు. ప్రధాన ప్రకటన కింద పేర్లు ఒక వరసలో రాస్తారు, అంతే.

కోపంలో ఏకవచనం దొర్లింది. మన్నించగలరు.

ఇంత తిట్టాక దాచేదెందుకు, తమరు నిలవకపోతేనే బాగుపడిన ఇళ్లూ ఉన్నాయి. 2014-15లో ఇదే వాట్‌ఫర్డ్ ఒక్క సీజన్‌లో నలుగురు కోచ్‌లను చూసింది. అందులో బిల్లీ మెకిన్లే ఎనిమిది రోజులు, దసరా నవరాత్రులు కూడా నిండలేదు. ఆ సీజన్‌లోనే రెండో స్థానంలో నిలిచి పైకి వెళ్లారు. 2021లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఏడు మ్యాచ్‌లకు ఒక్క పాయింటుతో అట్టడుగున ఉంటే క్రిస్ హ్యూటన్‌ను పంపి స్టీవ్ కూపర్‌ను తెచ్చింది. 2022 మే నెలలో ప్రీమియర్ లీగ్‌కు వెళ్లింది. ఛైర్మన్లందరి జేబులో ఈ రెండు కథలూ మడతపెట్టి ఉంటాయి. మేనేజర్లేమైనా హరిశ్చంద్రులా అంటే అదీ కాదు. మన ఎడ్వర్డ్స్ గారే 2025 జూన్‌లో మిడిల్స్‌బరోకు వచ్చి, జట్టు పైవరసలో ఉండగానే నవంబరులో అప్పటి ప్రీమియర్ లీగ్ క్లబ్బు వుల్వ్స్ పిలిస్తే వెళ్లిపోయారు. మిడిల్స్‌బరో అభిమానులకు అప్పుడు వరద కనిపించింది.

కాబట్టి చిన్న విన్నపం. వచ్చేటట్టయితే ఆగస్టులో రండి, విండో మూయకముందు, ఒక సెంటర్ ఫార్వర్డ్‌ను వెంటబెట్టుకుని రండి. అక్టోబరులో గురువారం సాయంత్రం ఒంటిగా, ఉత్తచేతులతో రావద్దు.

ఇట్లు,
మంగళవారం ఒంటిగంటా పావుకు టీ పెట్టుకుని కూర్చునే వాడు

తా.క. ఇప్పుడే కబురందింది. అండర్-21 కోచ్ గారు మొదటి మ్యాచ్ 2-0తో గెలిచారట. ఛైర్మన్ గారు డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి ఆయన వీపు తట్టారట. తమరు దయచేసి ఇంట్లోనే ఉండండి.