తాళం గుర్తు గారికి

అయ్యా,

బ్రౌజర్‌లో సైటు అడ్రసు పక్కన ఏళ్ల తరబడి కొలువు చేసిన తమరికి కర్నూలు నుంచి నమస్కారాలు.

మా చిన్నాయన మార్కెట్ యార్డులో ఎర్రగడ్డలు కొంటాడు. సంచి పైన ఎంత నిగనిగలాడే గడ్డలు పేర్చినా నమ్మడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్నది లాగి, నొక్కి, వాసన చూసి, ఆ తర్వాతే ధర మాట్లాడతాడు. అంతటి మనిషి మొన్న మంత్రాలయంలో గది కోసం ఫోన్లో వెతికి, ఒక సైటు చూసి మురిసిపోయాడు. తళతళలాడే స్వామి పటం, హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వే అమ్మాయి, ‘రెండే గదులు మిగిలాయి’ అంటూ పరిగెత్తే గడియారం, దాని పక్కనే పచ్చగా మీరు. డబ్బు కట్టడానికి స్కాన్ చేస్తే వచ్చింది మఠం పేరు కాదు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడిది. ఆయన అది చూడనే లేదు. “తాళం ఉంది కదరా!” అన్నాడు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలుపుతూ.

మీ డ్యూటీ నాకు తెలుసు. ఫోనుకీ సైటుకీ మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడతారు. అవతల ఉన్నది మఠమా, దొంగా అన్నది మీకు అనవసరం. దొంగ సొమ్ము మధ్యలో ఇంకో దొంగ కొట్టేయకుండా చేర్చారు, సంతోషం. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాళ్లు, మీరు కనబడాలంటే సైటుకి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా పంచడం మొదలుపెట్టాక, పైసా ఖర్చు లేకుండా ఎవరు పిలిచినా వెళ్లి వేలాడుతున్నారు.

తప్పంతా మీ నెత్తిన వేయనులెండి. సైట్లను ఏం చూసి నమ్ముతారని 2002లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2,684 మందితో చేసిన అధ్యయనంలో, దాదాపు 46 శాతం వ్యాఖ్యలు రంగులు, అక్షరాలు, పేజీ అమరిక గురించే. నడిపేదెవరని ఆరా తీసినవాళ్లు చాలా తక్కువ. మన సర్కారు సైట్లకేమో ఇంకెవరికీ దొరకని ‘గవ్ డాట్ ఇన్’ అడ్రసుంది. కానీ మిణుకుమిణుకుమనే ‘కొత్త’ బొమ్మ, అడ్డంగా పాకే ఎర్ర అక్షరాలు, ఎంత నొక్కినా తెరుచుకోని పీడీఎఫ్! నిజం అక్కడుంటే, చూసినవాడికి అదే దొంగ సైటులా కనబడుతుంది.

మిమ్మల్ని చూసి జనం సైటే మంచిదనుకుంటున్నారని 2023 సెప్టెంబరులో గూగుల్ తన క్రోమ్ నుంచి మిమ్మల్ని తీసేసింది. చిన్నాయన చూసింది కూడా మిమ్మల్ని కాదు, పేజీలో ‘100% సేఫ్’ పక్కన ఎవడో అంటించిన మీ ఫోటోని. కాబట్టి ఫోటో వాడుకున్నందుకు మీరు కూడా ఒక కేసు పెట్టండి. మా చిన్నాయన ఫిర్యాదుకి నెంబరైతే ఇచ్చారు.

ఇట్లు,
ఒక కర్నూలువాసి