గోడకెక్కిన గుండ్రబల్లకు ఓ ముసలి బంటు లేఖ

బల్లగారూ,

ఇంగ్లండులోని వించెస్టర్ కోట హాల్లో గోడకి బల్లిలా అతుక్కుని కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఆర్థర్ దొర దండులో డాలు మోసినవాణ్ణి, అదే, బ్రిటన్ కథల్లో పెద్ద రాజైపోయిన ఆ ఆర్థరే. ఇప్పుడు పళ్లు ఊడాయి, ఎడమ మోకాలు మాట వినదు.

ఆర్థర్ మీ చుట్టూ తన వీరులందరినీ సమానంగా కూర్చోబెట్టాడట. ఎప్పుడండీ? 18 అడుగుల వెడల్పుతో మీరు పుట్టిందే 1290 ప్రాంతంలో. మేం మట్టిలో కలిసి అప్పటికే ఏడెనిమిది వందల ఏళ్లు! మేం నేలమీద కూర్చుని, ఒళ్లో డాలు పెట్టుకుని తిన్నాం. మాంసం దొరవైపు వెళ్లేది, ఎముకలు మావైపు వచ్చేవి.

మీమీద 24 మంది వీరుల పేర్లున్నాయి. నాది లేదు. కథల్లో మహావీరుడైన లాన్సెలాట్‌ది ఉంది! ఆయన్ని మాలో ఒక్కడూ చూడలేదు. 12వ శతాబ్దంలో ఫ్రెంచి కవి ఒకాయన తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టాడు. వచ్చీ రాగానే మా దొర రాణిగారితో ప్రేమాయణం. ఇక ఆర్థర్ బొమ్మంటారా, అది 16వ శతాబ్దపు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ వేయించుకున్నది. మధ్యలో ఆయన వంశపు గులాబీ, మొహం కూడా ఆయనదేనట. మా దొరకి అంత బుగ్గలెక్కడివి, తిండి ఉంటేగా!

అసలు కడుపుమంట, మేం శాక్సన్లతో చేసిన బేడన్ యుద్ధం గురించి. ఆర్థర్ ఒక్కడే, ఒక్కరోజే 960 మందిని కూల్చాడని 9వ శతాబ్దంలో లాటిన్‌లో రాసి పెట్టారు. మరి మేమంతా గోళ్లు గిల్లుకుంటున్నామా? డాలుకి డాలు ఆనించి నిలబడితే ఎదుటివాడి నోట్లో ఉల్లిపాయ కంపు కొట్టేది. కత్తి దూసే చోటు లేదు. వెనకవాడు నెడతాడు, ముందువాడు డాలు కిందనుంచి కాళ్లు పొడుస్తాడు. నా మోకాలు పోయింది అక్కడే. పక్కనున్న కుర్రాడు భయంతో పోసుకుంటే ఆ వెచ్చదనం నా చెప్పులోకి వచ్చింది. ఇది ఏ కవీ రాయలేదు. 6వ శతాబ్దంలో రాసిన గిల్డాస్ అనే క్రైస్తవ సన్యాసి నయం, బేడన్ గురించి రాశాడు గానీ ఆర్థర్ పేరే ఎత్తలేదు. దొరకే దిక్కులేదని కాస్త ఊరట.

మీకూ ఒకప్పుడు 12 కాళ్లుండేవట, ఊడిపోయాయట. కాళ్లు పోయినవాడి బాధ మీకు వేరే చెప్పాలా? ఈసారి రంగులు వేయిస్తే గోడవైపు, కాళ్లు ఊడిన చోట, నా పేరు కూడా గీయించండి. తప్పులున్నా ఫర్వాలేదు, నాకు చదవడం రాదు. ఇది కూడా పక్కింటి కుర్రాడితో రాయిస్తున్నాను.

ఇట్లు,
ఆ 960లో కనీసం ఇద్దరు తన ఖాతావే అనుకునే ముసలి బంటు