మూత బిగించారు, నోరు కూడా

జీవితం నీటి బుడగ అని చెప్పి వైరాగ్యం నూరిపోయడానికి మన పెద్దలు వాడుకున్న వస్తువుతో, ఈ కాలం వాళ్లు 18 నెలల పిల్లలకు 'ఇంకా' అనే మాట నేర్పిస్తున్నారు. వైరాగ్యానికీ 'ఇంకా'కీ ఎంత దూరమో వేరే చెప్పాలా? అయినా నా అభ్యంతరం అది కాదు. సబ్బు బుడగల పేరు చెప్పి పెద్దల వాక్ స్వాతంత్ర్యాన్ని హరిస్తున్నారు. బాధితుణ్ణి నేనే కనుక రాస్తున్నాను.

మా మనవరాలికి బుడగలు ఊదే పని నాకు అప్పగించారు. ఏముంది, పుల్ల ముంచడం, ఊదడం అనుకున్నాను. కాదట. రెండుసార్లు ఊది, సీసా మూత గట్టిగా బిగించి, పిల్ల చేతికిచ్చి ఊరుకోవాలట. మూత తియ్యడం దానికి రాదు. రాదు కాబట్టే ఇవ్వాలట. అప్పుడది మన మొహం చూస్తుంది, సీసా మన చేతిలో పెడుతుంది, ఏదో ఒక శబ్దం చేస్తుంది. అలా వస్తువునీ మనిషినీ మార్చి మార్చి చూడటంలోనే మాటకు మొదలుందని స్పీచ్ థెరపిస్టులు అంటారు. అందాకా మనం మనసులో 10 లెక్కపెట్టుకోవాలి.

10 సెకన్లు! అంతసేపట్లో నేను ఒక సలహా, రెండు హెచ్చరికలు, నా చిన్నప్పటి సంగతొకటి చెప్పెయ్యగలను.

మొదటి రోజు రెండంకె దగ్గరే దొరికిపోయాను. "ఏం కావాలమ్మా? బుడగలా? తాతయ్య ఊదాలా? ఇదేం రంగు? ఎన్నున్నాయో చెప్పు?" అన్నాను. పిల్ల నోరు తెరవబోయి మూసుకుంది. గుమ్మంలోంచి మా అమ్మాయి, "నాన్నా, పరీక్ష పెట్టకు, దానికీ వంతు ఇవ్వు" అంది. ఈ ఇంట్లో నాకెవరు ఇచ్చారు వంతు? నేనే తీసుకుంటూ వచ్చాను.

పోనీ విజ్ఞానమైనా పంచుదామనుకున్నాను. బుడగంటే రెండు సబ్బు పొరల మధ్య ఇరుక్కున్న నీళ్లు. పై అంచు నుంచీ లోపలి అంచు నుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి ఆ రంగులు పుట్టిస్తాయి. న్యూటన్ 1704లోనే వీటి గురించి అచ్చు వేయించాడు. నీళ్లు కిందికి జారి, పైన పొర పల్చబడి, రంగు పోయిందంటే ఇక పగలబోతోందని గుర్తు... ఇక్కడికొచ్చేసరికి అది 'టప్'మంది. పిల్ల "బ్బ!" అంది. "బ్బ కాదమ్మా, బుడగ. సంస్కృతంలో బుద్బుదం" అని దిద్దాను. దిద్దకూడదట. "ఆఁ, బుడగ! పెద్ద బుడగ!" అని దాని మాటకు ఇంకొక్క మాట కలిపి ఊరుకోవాలట. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలవడం పిల్లలకు కళ్లెదుటే కనబడుతుంది, అందుకే అవి తొందరగా వస్తాయట. బుద్బుదంలో రెండు 'బ'లున్నాయని మనవి చేశాను. పట్టించుకోలేదు.

ఊదితే నోటి కండరాలు గట్టిపడి మాటలు వాటంతటవే తన్నుకొస్తాయని ఒక మిత్రుడు ధైర్యం చెప్పాడు. ఆశపడ్డాను. వ్యాయామమైతే పక్కన నేను మాట్లాడుతూనే ఉండొచ్చు కదా! అదీ నిలవలేదు. ఊదడానికి కావలసిన బలం వేరు, మాటకు కావలసిన పొందిక వేరట. అసలు మా పిల్ల ఊదబోయి పీలుస్తుంది. దాని నోట్లో సబ్బునీళ్లు పోకుండా చూడటం మరో ఉద్యోగం.

చివరికి యంత్రం తెచ్చాను. మీట నొక్కితే గదినిండా బుడగలే. నా చేతులు ఖాళీ, నోరు ఖాళీ. పిల్ల చప్పట్లు కొట్టి పగలగొట్టింది, ఎగిరెగిరి అందుకుంది, సబ్బునీళ్లకు నున్నబడ్డ నేల మీద జారి చతికిలబడింది. మాట మాత్రం లేదు. అడక్కుండానే వచ్చిపడుతుంటే అడిగే అవసరమేముంది? ఆ అరగంటా నోరు విప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు సర్వోత్తమంగా తోచిన ఆ ఏర్పాటును మా అమ్మాయి అటకెక్కించింది.

నిన్న సాయంత్రం మళ్లీ పాత సీసాయే. ఊదాను, మూత బిగించాను, ఇచ్చాను. తిప్పింది. కొరికింది. నేలకేసి కొట్టింది. నా మొహం చూసింది. మూడు. నాలుగు. నాలుక చివర బుద్బుదం సిద్ధంగా ఉంది. ఐదు. సీసా నా ఒళ్లో పెట్టి నా గడ్డం పట్టుకుంది. ఆరు. ఏడు.

"తాతా, ఊ."

లెక్కలో ఇంకా మూడు సెకన్లు మిగిలాయి. ఆ మూడూ నాకు మాట్లాడుకోవడానికి ఇప్పించమని అడిగాను. మూత తియ్యమన్నారు.