సోఫా కింద సెల్ఫాస్ గోలీ పెట్టమనే ఆ మెసేజ్ ఇక పంపకండి

"కుక్క పిడుదులు సోఫాకు, మంచానికి పట్టాయా? 24 గంటల్లో మాయం" అనే మెసేజ్ నల్గొండలో నేనున్న ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. బంధువులు పంపారు, చదువుకున్న దోస్తులు పంపారు. పంపే ముందు దాన్ని పూర్తిగా చదివింది ఎందరు?

మూలల్లో ఉప్పు, కర్పూరం చల్లమన్నారు. ఇల్లు వాసనొస్తుంది, పిడుదులు పోవు. కుక్కకు వెల్లుల్లి పెట్టమన్నారు. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, పెట్టకండి. సోఫాకు కిరోసిన్ రుద్దమన్నారు. సందులో దాక్కున్నదానికి అది అందదు, లోపలి నురుగు మాత్రం తడిసి, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఒంటికి పట్టినదాన్ని అగరుబత్తితో కాల్చమన్నారు. అలా చేస్తే మీ చర్మం కాలుతుంది, పిడుదు తన ఉమ్మిని గాయంలోకి వదిలే ప్రమాదమూ ఉంది. చర్మానికి ఆనించి సన్నమొన చిమటాతో (ట్వీజర్‌తో) పట్టుకుని నిటారుగా లాగితే సరిపోతుంది.

ఇక మొదటి చిట్కా. సోఫా కింద రెండు సెల్ఫాస్ గోలీలు పెట్టి, తలుపులు మూసి, పక్క గదిలో పడుకోవాలట! ఇది రాసినవాడికి ఆ గోలీ ఏమిటో తెలుసా? అది అల్యూమినియం ఫాస్ఫైడ్, ధాన్యం నిల్వల్లో పురుగుల్ని చంపే మందు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల గోలీ నుంచి 1 గ్రాము వాయువు. దానికి విరుగుడు మందు లేదు. తలుపు కింది సందులోంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదికి, పక్కింటికి కూడా పోతుంది. ధాన్యం నిల్వలకు గోలీలు పెట్టేటప్పుడు బస్తాల మీద పట్టా కప్పి, అంచులు మూసి, మనిషిని దగ్గరికి రానివ్వరు. మిర్యాలగూడ మిల్లు గోదాముల్లో పనిచేసినవాళ్లను అడగండి, చెప్తారు. మామూలు జనానికి దాన్ని అమ్మకూడదనే నిబంధన కూడా ఉంది. గోదాముకే అంత జాగ్రత్త అవసరమైతే, పసిపిల్లలు పడుకునే ఇంట్లో దాన్ని పెట్టమని ఫార్వర్డ్ చేయడానికి చేతులెలా వచ్చాయి? "మంచి కోసమే పంపిన" అంటారు. మంచి కోసమైతే ముందు చదవాలి కదా అన్నా!

అయితే అందులో ఒక మాట ఒప్పుకోవాలి. "కుక్కకు స్నానం చేయిస్తే సరిపోదు, పిడుదులు ఇంట్లోనే ఉన్నాయి" అని రాశారు. అది నిజం, మన దగ్గర చాలామందికి తెలియని నిజం. కుక్కకు పట్టే గోధుమరంగు పిడుదు పిల్లగా ఒకసారి, కాస్త ఎదిగి ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కింద రాలుతుంది. ఆడది రాలి, దర్వాజ సందుల్లో, పరదాల వెనక, మంచం కోళ్ల కీళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా ఏడాదికి పైగా బతకగలదు. అందుకే "24 గంటలు" అనేది అబద్ధం. ఈరోజు గుడ్లు మిగిలితే కొన్ని వారాలకు మళ్లీ పిల్లలు పాకుతాయి.

కాబట్టి పశువైద్యుడు చెప్పిన మందు కుక్కకు వేస్తూనే ఇంటినీ చూసుకోవాలి. సోఫా కుట్ల వెంట, పరుపు అంచుల వెంట వాక్యూమ్ పట్టి, ఆ దుమ్మును సంచిలో మూట కట్టి బయట పారేయండి. కవర్లు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. నవారు మంచమైతే నవారు విప్పి ఉతికి, కీళ్లలో మసిలే నీళ్లు పోయండి. గోడ పగుళ్లకు పుట్టీ పెట్టండి. వారం వారం ఇదే పని, కొన్ని నెలలు. అప్పటికీ తగ్గకపోతే లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి, పొలం మందు మాత్రం ఇంట్లో కొట్టకండి.

ఎవరైనా ఇప్పటికే గోలీ పెట్టి ఉంటే దాని మీద నీళ్లు పోయకండి, తీయడానికి లోపలికి వెళ్లకండి. అందరినీ బయటికి తెచ్చి, పక్కింటివాళ్లకు చెప్పి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో గోలీ పేరు చెప్పండి, డబ్బా ఫొటో ఉంటే చూపించండి.