వంకాయకు శిక్ష ఖరారు

కీళ్లవాతాన్ని, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఆర్‌ఏ)ని, తేల్చేది సూర్యారావుపేట డాక్టర్లని బెజవాడకు కొత్తగా వచ్చినవాళ్లు పొరబడుతుంటారు. కేసు అక్కడికి చేరేలోపే అపార్ట్‌మెంటు మెట్ల కమిటీ విచారణ ముగించి వంకాయకు శిక్ష వేసేస్తుంది. గోంగూర ఎలాగూ పాత నేరస్తురాలే.

పొద్దున్నే కుక్కర్ మూత తిప్పలేక, కాఫీ గ్లాసు పట్టు చిక్కక అవస్థ పడే మనిషిని అడగాల్సింది ఒక్కటే: ఈ బిగుతు ఎంతసేపు? అరుగుదల నొప్పయితే సాధారణంగా 30 నిమిషాల్లోపే సడలుతుంది. కీళ్లవాతమైతే గంటైనా వదలదు. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు, మణికట్లు రెండు చేతులకీ వాస్తాయి. షేక్‌హ్యాండ్ ఇస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. ఇవన్నీ అడిగే ఓపిక లేని కమిటీ, గౌట్ అనే వేరే కీళ్ల జబ్బుకు చేసే యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించమంటుంది. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగటివ్ వస్తే కేసు కొట్టేస్తుంది. జబ్బున్న 5 మందిలో ఒకరికైనా అది నెగటివే వస్తుందనీ, యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్ష కూడా చూడాలనీ చెప్పేవాడికి మెట్ల మీద చోటివ్వరు.

తర్వాత పొట్లం వైద్యం. పేరులేని పొడి మింగిన మూడోరోజుకు నొప్పి మాయం, ఆకలి విపరీతం, నెల తిరిగేసరికి ముఖం పున్నమి చంద్రుడు. ‘ఎంత ఒళ్లు చేశావే!’ అని మురిసిపోతారు. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటే ఆ నిగారింపు దానిదే. షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, కీలు లోపల దెబ్బతింటూనే ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే మనిషి కుప్పకూలొచ్చు కూడా. డాక్టరూ స్టెరాయిడ్ రాస్తాడు గానీ, అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకానే, తగ్గించుకుంటూ.

ఆ అసలు మందు చాలామందికి మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే. కమిటీకి ఇదే మింగుడుపడదు. ‘ఒక్కరోజుకే ఇంత గుణం ఉంటే, రోజూ వేసుకుంటే?’ నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికొస్తుంది. దాని దుష్ప్రభావాలు తగ్గించే విటమిన్ ఫోలిక్ యాసిడ్ మరో రోజు. గుణం తెలియడానికి 6 నుంచి 12 వారాలు, మన ఓపికకేమో మూడో వారమే గడువు. మధ్యమధ్య రక్తకణాలు, లివరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు. బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్రతో కలిస్తే లివరుకు చేటు చేసే మద్యం పార్టీల సంగతి మాత్రం కమిటీ ఎజెండాలో ఉండదు.

ఇక మిగిలింది ఏ వారమన్నది. మంగళవారం పనికిరాదట, శనివారం ఉపవాసం, ఆదివారం కోడికూర. రెండు గంటల తర్జనభర్జన తర్వాత గురువారం ఖాయమైంది. కాలెండర్లో గురువారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఇన్నాళ్లలో కమిటీ చేసిన వైద్యం ఇదొక్కటే.