కథ అయిపోయింది, కాస్త ఆగనివ్వండి

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘అడాలసెన్స్’ మూడో ఎపిసోడ్ చూసినవాళ్లెవరూ ఆ గదిని అంత తేలిగ్గా మర్చిపోలేరు. పదమూడేళ్లకే హత్య కేసులో పట్టుబడిన కుర్రాడు, అతని మనసులో ఏముందో అంచనా వేయడానికి వచ్చిన సైకాలజిస్ట్. ఎపిసోడ్‌లో చాలా భాగం ఆ ఇద్దరి మాటలే. కుర్రాడు ఓసారి ముచ్చటగా కబుర్లు చెబుతాడు, ఓసారి బతిమాలతాడు, మరుక్షణం అరుస్తూ మీదికి లేస్తాడు. చివరికి అతన్ని బయటికి తీసుకెళ్లిపోయాక ఆమె ఒంటరిగా మిగులుతుంది. అంతసేపూ అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొస్తుంది. ఏడుపు ఆపుకుంటుంది, ఊపిరి కూడదీసుకుంటుంది, గది బయట కాలుపెట్టే ధైర్యం తెచ్చుకుంటుంది. కెమెరా మాత్రం తొందరపడదు. ఆమె తేరుకునేదాకా అక్కడే ఉంటుంది.

ఆ వెంటనే టైటిల్స్ మొదలవుతాయి. మొదలైన కాసేపటికే నెట్‌ఫ్లిక్స్ తర్వాతి ఎపిసోడ్‌ను మన ముందుకు తోస్తుంది. ఏదో ఒక బటన్ నొక్కి ఆపకపోతే నాలుగో ఎపిసోడ్ దానంతటదే మొదలైపోతుంది.

పాత్రకు దొరికిన ఆ నిమిషం ప్రేక్షకుడికి ఎందుకు దొరకకూడదు? ఈ మధ్య ఏ సినిమా చూసినా, ఏ సిరీస్ చూసినా నన్ను పట్టి పీడిస్తున్న ప్రశ్న ఇదే. కథలు బాగోలేవని, నటులకు నటన రాదని, రచయితల దగ్గర సరుకు అయిపోయిందని అంటున్నారు కదా, నేను ఒప్పుకోను. మంచి పని బోలెడంత వస్తోంది. దాన్ని ఒంటపట్టించుకునే సమయాన్నే మన చేతిలోంచి లాగేసుకుంటున్నారు. ‘ఏం చూశావో గుర్తులేదు గానీ బాగుంది’ అనే మాట ఇప్పుడు ఎవరి నోట విన్నా ఆశ్చర్యం కలగడం లేదు. ఇది ప్రేక్షకుడి మతిమరుపు కాదు. యాప్‌ను తయారు చేసిన తీరే అలా ఉంది.

‘అడాలసెన్స్’ విషయంలో ఇది మరీ విడ్డూరం. జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహం రాసిన ఈ సిరీస్‌లో నాలుగు ఎపిసోడ్లూ ఒక్కొక్కటి ఒక్క టేక్‌లో తీసినవి. మధ్యలో ఎక్కడా కట్ లేదు. నటులు, కెమెరా మనుషులు, లైట్లు, పరిగెత్తుతూ చోటు మారే సిబ్బంది, ఒక్కరు తడబడినా మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. దర్శకుడు ఫిలిప్ బరాంటిని ఇంత కష్టపడి ఒక్క కోత కూడా లేకుండా ఎపిసోడ్ నడిపిస్తే, చివర్లో మొదటి కోత వేసేది యాప్.

పైగా ఆ కథే కాలాన్ని దాటుకుంటూ వెళ్తుంది. మొదటి ఎపిసోడ్ అరెస్టు రోజు. రెండోది మూడో రోజు. మూడోది ఏడు నెలలకు. నాలుగోది పదమూడు నెలలకు. ఆ ఖాళీల్లో ఏం జరిగిందో రచయితలు చెప్పరు, మనమే ఊహించుకోవాలి. ఆ తల్లిదండ్రులు ఆ నెలలన్నీ ఎలా ఈడ్చుకొచ్చారు, ఆ అక్క బడికి ఎలా వెళ్లింది, వీధిలో ఎవరి కళ్లలోకి చూడగలిగారు? సిరీస్ బలమంతా చెప్పకుండా వదిలేసిన ఆ నెలల్లో ఉంది. నాలుగో ఎపిసోడ్‌లో తండ్రి ఒక చిన్న విషయానికి ఎందుకు అంతగా భగ్గుమంటాడో అర్థం కావాలంటే ఆ నెలల బరువు మనమీద కూడా పడాలి. కథలో పదమూడు నెలలు గడిచాయి, ప్రేక్షకుడికి ఒక్క రాత్రి కూడా గడవలేదు. 2025 మార్చిలో నాలుగు ఎపిసోడ్లూ ఒకేసారి విడుదల చేసిన ఫలితం అది.

అదే ఏడాది వచ్చిన ‘ది పిట్’ దీనికి సరిగ్గా తలకిందులు. ఒక ఆస్పత్రి అత్యవసర విభాగం, ఒక్క షిఫ్టు, పదిహేను గంటలు, పదిహేను ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో గంట. కథలో ఖాళీయే లేదు, ఒక ఎపిసోడ్ ఆగినచోటే ఇంకొకటి మొదలవుతుంది. ఒకేసారి చూసేయడానికి ఇంతకంటే అనువైన సిరీస్ ఉంటుందా? అయినా దాన్ని ప్రసారం చేసినవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారం వారం వదిలారు. కథలో ఒక్కరోజు, చూసేవాళ్లకు మూడు నెలలు.

ఆ మూడు నెలలు ఏం చేశాయో పదమూడో ఎపిసోడ్ దగ్గర తెలుస్తుంది. కాల్పుల్లో గాయపడినవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చిపడుతుంటే అందరికీ ధైర్యం చెబుతూ వచ్చిన డాక్టర్ రాబీ, తాత్కాలికంగా శవాలను ఉంచిన పిల్లల గదిలో కుప్పకూలిపోతాడు. గోడలమీద పిల్లల కోసం వేసిన జంతువుల బొమ్మలు. ఎపిసోడ్ అక్కడ ఆగింది. చూసినవాళ్లందరూ ఒక వారంపాటు అతన్ని ఆ నేలమీదే వదిలి తమ పనుల్లోకి వెళ్లాల్సి వచ్చింది. రాబీగా నోవా వైలీ నటన గురించి అందరూ రాశారు, నిజంగా గొప్ప నటనే. కానీ ఆ దృశ్యం అంతగా నాటుకుపోవడంలో సగం పుణ్యం ఆ వారానిది. తర్వాతి ఎపిసోడ్ వెంటనే వచ్చేసి ఉంటే అతను లేచి నిలబడటం చూసి మనం తేలికపడిపోయేవాళ్లం. లేస్తాడా లేదా అన్నది కూడా కాదు, అన్నాళ్లు అలా నిలబడిన మనిషి ఎందుకు పడ్డాడు అన్న ఆలోచనకు చోటు దొరికింది. 2025 సెప్టెంబరులో ఎమ్మీ అవార్డుల్లో ‘ది పిట్’ ఉత్తమ డ్రామా సిరీస్‌గానూ, ‘అడాలసెన్స్’ ఉత్తమ లిమిటెడ్ సిరీస్‌గానూ గెలిచాయి. రెండూ అర్హమైనవే. ఏది ఎక్కువకాలం వెంటాడుతుందంటే మాత్రం నా ఓటు దేనికో చెప్పనక్కర్లేదు.

ఇది నా ఒక్కడి పైత్యం అనుకునేవాళ్ల కోసం ఒక అధ్యయనం. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించారు. పెద్దదేమీ కాదు, కానీ చేసిన పద్ధతి సూటిగా ఉంది. బీబీసీ వారి గూఢచారి సిరీస్ ఒకదాన్ని కొందరికి ఏకబిగిన, కొందరికి రోజుకొక ఎపిసోడ్ చొప్పున, కొందరికి వారానికొకటి చొప్పున చూపించారు. మర్నాడు అడిగితే ఏకబిగిన చూసినవాళ్లకే కథ బాగా గుర్తుంది. 140 రోజుల తర్వాత అడిగితే వాళ్ల జ్ఞాపకమే అందరికంటే ఎక్కువగా కరిగిపోయింది. వారానికొకటి చూసినవాళ్లకు పోయింది తక్కువ. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏకబిగిన చూసినవాళ్లు, మిగతా రెండు గుంపులతో పోలిస్తే, తమకు సిరీస్ తక్కువ నచ్చిందని చెప్పారు. ఆపుకోలేక చూశామంటే బాగా నచ్చినట్టే అని మనం అనుకుంటాం కదా. ఆపుకోలేకపోవడం, నచ్చడం ఒకటి కావు.

సినిమాల పరిస్థితి ఇంకా అన్యాయం. జొనాథన్ గ్లేజర్ తీసిన ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ నల్లటి తెరతో మొదలవుతుంది. బొమ్మ లేదు, కడుపులో దేవేసే సంగీతం మాత్రమే వినిపిస్తుంది. టీవీ పాడైందేమో అనిపించేంతసేపు అలాగే ఉంటుంది. నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్ గోడ పక్కనే కాపురముంటూ పూలమొక్కలు పెంచుకున్న కుటుంబం కథ అది. గోడ అవతలి ఘోరాన్ని మనం చూడం, వింటాం. అందుకే ఆ నల్లతెర. కళ్లు పక్కనపెట్టి చెవులు తెరవమని దర్శకుడు మొదటే చెబుతున్నాడు. చివర్లో టైటిల్స్ మీద వచ్చే సంగీతం మరీ దారుణం, అరుపులో ఆర్తనాదాలో తెలియని గొంతులు. సినిమాకు అది చివరి సన్నివేశమే. ఉత్తమ శబ్ద విభాగంలో ఆస్కార్ తెచ్చుకున్న సినిమాలో, ఆ శబ్దం నడుస్తుండగా తెరను మూలకు నెట్టి ఇంకో సినిమా ట్రైలర్ మొదలుపెడితే దాన్ని సౌకర్యం అనాలా?

విమ్ వెండర్స్ ‘పర్ఫెక్ట్ డేస్’ చివర్లో కోజీ యాకుషో ముఖం మీద కెమెరా చాలాసేపు ఆగిపోతుంది. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రం చేసే మనిషి, వ్యాను నడుపుతూ నవ్వుతాడు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మళ్లీ నవ్వుతాడు. టైటిల్స్ అన్నీ అయిపోయాక తెరమీద రెండు మూడు వాక్యాలు వస్తాయి, అతను సినిమా పొడవునా చెట్లకింద ఫొటోలు తీస్తూ వెతుకుతున్నది ఏమిటో చెప్పే వాక్యాలు. ఇంట్లో చూసినవాళ్లలో ఎంతమంది వాటిదాకా వెళ్లి ఉంటారు?

నిశ్శబ్దానికి కథలో చోటుందని టీవీవాళ్లకు తెలియక కాదు. 2007 జూన్‌లో ‘ది సొప్రానోస్’ చివరి ఎపిసోడ్ మాట మధ్యలో తెగినట్టు ఆగిపోయింది. దాదాపు పది సెకన్లపాటు నల్లతెర, చప్పుడు లేదు. కేబుల్ పోయిందనుకున్నవాళ్లు కోకొల్లలు. ఆ పది సెకన్ల గురించి ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఈరోజుల్లో ఆ సిరీస్ కొత్తగా వస్తే ఆ నలుపు మీద ‘మీకు ఇవి కూడా నచ్చవచ్చు’ అనే వరుస తేలదని నాకు నమ్మకం లేదు.

అవతలి వాదన నాకు తెలుసు. ప్రసారం చేసేవాళ్ల టైముకు మనం కూర్చునే రోజులు పోయాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత చూసుకోవచ్చు, అది ప్రేక్షకుడికి దక్కిన స్వేచ్ఛ. రోజంతా పనిచేసి అలసిపోయినవాడు నాలుగు ఎపిసోడ్లు వరుసగా చూసి సేదతీరితే తప్పేముంది? ఇష్టం లేకపోతే సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేసుకోవచ్చు కదా? తప్పేమీ లేదు, చూసుకోండి. అయితే స్వేచ్ఛ అంటే ముందు నన్ను అడగాలి. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఆగిపోవాలి, ఇంకొకటి కావాలంటే బటన్ నొక్కాలి. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. ఊరుకుంటే నడుస్తుంది, ఆగాలంటే కష్టపడాలి.

ఇలా ఎందుకంటే, వాళ్ల లెక్కలో మన స్పందనకు గడి లేదు. నెట్‌ఫ్లిక్స్ ఒక దశలో రెండు నిమిషాలు చూసినా ‘చూశారు’ కింద జమ వేసుకుంది. అది కావాలని పెట్టుకుని చూశారనడానికి ఆ మాత్రం చాలన్నది వాళ్ల వివరణ. 2021లో మొత్తం ఎన్ని గంటలు చూశారన్న లెక్కకు మారింది. 2023లో ఆ గంటలను నిడివితో భాగించి వ్యూస్ అంటోంది. పద్ధతి ఎన్నిసార్లు మారినా కొలిచేది తెర ఎంతసేపు వెలిగిందన్నదే. టీవీ కట్టేశాక ఒక మనిషి అరగంట మౌనంగా కూర్చుంటే వాళ్ల పుస్తకంలో అది నష్టం. ఆ సంస్థ అధిపతిగా ఉన్నప్పుడు రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతోనే అని 2017లో సరదాగానే అన్నారు. ఆలోచనతో కూడా పోటీయేనని ఆయన చెప్పలేదు, మనం చూస్తూనే ఉన్నాం.

అదే ఏడాది ఐదు నక్షత్రాల రేటింగ్ తీసేసి బొటనవేలు పెట్టారు. పైకి, లేదా కిందికి. 2022లో రెండు బొటనవేళ్లు కూడా వచ్చాయి, అంటే చాలా నచ్చిందని. ‘ఇంకా తెలియదు’ అనే బటన్ లేదు. కొన్ని కథలు నచ్చాయో లేదో రెండు రోజులకు గానీ తెలియదు. మొదట చిరాకు తెప్పించి తర్వాత వదలకుండా పట్టుకునే సినిమాలున్నాయి. ఏడిపించి మర్నాటికి తేలిపోయేవీ ఉన్నాయి, ఆ ఏడుపు కథది కాదు, నేపథ్య సంగీతానిదని అప్పుడు తెలుస్తుంది. తీర్పు అప్పటికప్పుడు కావాలంటే మొదటి రకానికి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది.

ఇంతకీ నా గొడవ సినిమాలతో ఆగదు. ఇదే అలవాటు ఫోన్‌లో వార్తల దగ్గర ఇంకా ముదిరింది. బాంబు పడి కూలిన ఇంటి శిథిలాల్లో ఒక తండ్రి వెతుకుతున్న వీడియో, వేలు కదిలితే ఒక పెళ్లి డాన్సు, ఇంకోసారి కదిలితే ఒక ప్రకటన. మూడింటికీ ఒకే సైజు తెర, ఒకే లైక్ గుర్తు. జాలి కలిగిందని గుర్తుపట్టేలోపే నవ్వాల్సి వస్తుంది. జనానికి మనసు మొద్దుబారిందని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు మనుషుల్ని తిడతారు తప్ప ఆ వరుసను పేర్చినవాణ్ని అడగరు. ఒక దుర్వార్తకు, తర్వాతి దానికి మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం ఉంటే మనుషులు ఇంత త్వరగా కోపగించుకోరు, ఇంత త్వరగా మర్చిపోరు కూడా అని నేను నమ్ముతాను. కోపానికి, మరుపుకి కారణాలు ఇంకా చాలా ఉండొచ్చు. ఇది మాత్రం ఎవరో కావాలని పెట్టింది, తీసేయగలిగింది.

తీసేయడం అసాధ్యమేమీ కాదు. బ్రౌజ్ చేస్తుంటే ప్రివ్యూలు వాటంతటవే మోగడం మీద ఏళ్లతరబడి విసుక్కున్నాక 2020 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ వాటిని ఆపుకునే వీలు ఇచ్చింది. 2019లో ప్లేబ్యాక్ వేగం పెంచే సదుపాయాన్ని పరీక్షించినప్పుడు జడ్ అపటోవ్, బ్రాడ్ బర్డ్ లాంటి దర్శకులు బహిరంగంగానే మండిపడ్డారు. మా సినిమా వేగం మార్చే హక్కు మీకెక్కడిదని వాళ్లు అడిగారు. టైటిల్స్ విషయంలో ఆ స్థాయి గొంతు ఇంకా లేవలేదు. సినిమా ఎక్కడ ముగుస్తుందో తేల్చే హక్కు దర్శకుడిదే అయినప్పుడు, టైటిల్స్‌ను పూర్తి తెరమీద చివరిదాకా నడపాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవడానికి అడ్డేమిటి? పేరున్నవాళ్లు ముందు అడిగితే పేరులేనివాళ్లకూ దక్కుతుంది.

ప్రేక్షకులుగా మనం అడగాల్సింది ఇంకా చిన్నది. ఆటోప్లే అనేది మొదటినుంచీ ఆఫ్‌లో ఉండాలి. కావాలన్నవాళ్లు ఆన్ చేసుకుంటారు. పిల్లల ప్రొఫైల్‌లో అయితే ఆన్ చేసే వీలు పెద్దల చేతిలోనే ఉండాలి. అప్పటిదాకా నెట్‌ఫ్లిక్స్ ఖాతాలో ప్రతి ప్రొఫైల్‌కూ విడిగా ప్లేబ్యాక్ సెట్టింగ్స్ ఉంటాయి. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే రావాలన్న టిక్ తీసేసి సేవ్ చేయండి, ఇంట్లో ఎన్ని ప్రొఫైల్స్ ఉంటే అన్నిట్లోనూ.